మెకానికల్ నుంచి కణజాల మోడలింగ్‌కు: ముందు ఒక గ్రాఫ్, తర్వాతే ఈమెయిల్

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. చర్మం, రక్తనాళాల్లాంటి మృదు కణజాలాల మెకానిక్స్‌లో పరిశోధన చేయాలనుంది. అబాకస్ సాఫ్ట్‌వేర్‌లో నియో-హుకియన్ మోడల్‌తో (రబ్బరులా సాగే పదార్థాలకు వాడే తేలికైన సూత్రం) చర్మం మీద ప్రాజెక్టు చేసి పేపర్ రాస్తే, గైడ్ ‘ఇంగ్లిష్ బాగుంది, పేపర్‌లా లేదు’ అన్నారు. పీహెచ్‌డీ కోసం జర్మనీలో ఇరవై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. ఒక్కరూ జవాబివ్వలేదు. ఏం చేయాలి?
- ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: జర్మనీ సంగతి ముందు తేల్చేద్దాం. అక్కడ పీహెచ్‌డీకి సాధారణంగా మాస్టర్స్ ఉండాలి. బీటెక్ మూడో ఏడాదిలో అడగదగ్గది ఇంటర్న్‌షిప్. ఇక్కడ ఎంటెక్ చేయాలంటే గేట్‌లో మెకానికల్, సాలిడ్ మెకానిక్స్ సెక్షన్ ఉన్న ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్), 2020లో మొదలైన బయోమెడికల్ పేపర్లు మీకు పనికొస్తాయి. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. ఏ పేపర్ స్కోరు తీసుకుంటారో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

మీ ప్రాజెక్టులో చిక్కు నియో-హుకియన్ దగ్గరే ఉంది. కాలిక్యులేటర్ తీయండి. ఒకే దిశలో లాగినప్పుడు ఈ మోడల్‌లో నామినల్ స్ట్రెస్ (బలాన్ని లాగకముందటి అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది) ఎంతంటే: సాగిన నిష్పత్తిలోంచి (సాగాక ఉన్న పొడవును మొదటి పొడవుతో భాగిస్తే వచ్చేది), 1ని ఆ నిష్పత్తి వర్గంతో భాగిస్తే వచ్చేది తీసేసి, మిగిలినదాన్ని షియర్ మాడ్యులస్‌తో (పదార్థం గట్టిదనాన్ని చెప్పే అంకె) గుణించాలి. మాడ్యులస్ 10 కిలోపాస్కల్ అనుకుంటే 10 శాతం సాగుదలకు 2.7, 20 శాతానికి 5.1, 30 శాతానికి 7.1 కిలోపాస్కల్ వస్తుంది. అంటే మొదటి పది శాతానికి 2.7, తర్వాతి పదికి 2.3, ఆపై పదికి 2.0. సాగేకొద్దీ పెరుగుదల తగ్గుతోంది. చర్మం దీనికి తలకిందులు. ముంజేతి మీద చర్మాన్ని చిటికెతో పట్టి లాగితే మొదట తేలిగ్గా వస్తుంది, ఆపైన బిగుసుకుంటుంది. లోపలి కొలాజెన్ పోగులు అలల్లా ముడుచుకుని ఉండి, సాగదీయబడ్డాకే బరువు మోస్తాయి. కాబట్టి ఆ మోడల్ మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ స్ట్రెస్ చూపిస్తుంది. సగటు తప్పు చిన్నదిగా కనిపించడంతో ఇది కంటపడదు.

సాగేకొద్దీ బిగుసుకోవడాన్ని చూపగల ఆగ్డెన్ మోడల్ గానీ, ఫంగ్ ఎక్స్‌పొనెన్షియల్ రూపం గానీ వాడి చూడండి. పోగుల దిశ కూడా కావాలంటే 2000లో వచ్చిన హోల్జాఫెల్-గాసర్-ఆగ్డెన్ మోడల్ ఉంది, ధమనుల కోసం చేసింది. అబాకస్ లైసెన్సు దొరక్కపోతే ఫెబయో ఉచితం, ఈ పని కోసమే పుట్టిన సాఫ్ట్‌వేర్. అయితే ఒకే దిశ డేటాకు ఎన్నో పారామీటర్ల జతలు సరిపోతాయి. అందుకే రెండు దిశల్లో లాగిన డేటాను ఫిట్టింగ్‌లో కలపకుండా పక్కన పెట్టుకుని, దాని మీద మోడల్‌ను పరీక్షించండి. అచ్చయిన పేపర్ నుంచి డేటా తీసుకునేటప్పుడు, శాంపిల్‌ను ముందు కొన్ని సైకిళ్లు లాగి వదిలారా, క్లాంపుల్లో జారిందా అన్నది ఆ పేపర్ మెథడ్స్ భాగంలో చదవండి. మొదటి సైకిల్ కర్వ్, స్థిరపడ్డాక వచ్చే కర్వ్ ఒకటి కావు. ఇక పాయిసన్ నిష్పత్తి 0.5కి దగ్గరైతే (అంటే ఘనపరిమాణం దాదాపు మారకపోతే) మోడల్‌ను విభజించిన చిన్న ముక్కలు, అంటే మామూలు ఎలిమెంట్లు, లాక్ అయి కణజాలం లేనిపోని గట్టిదనం చూపిస్తుంది. అబాకస్‌లో పేరు చివర హెచ్ ఉన్న హైబ్రిడ్ ఎలిమెంట్లు వాడాలి. మిల్లీమీటర్, న్యూటన్ వాడితే స్ట్రెస్ మెగాపాస్కల్‌లో వస్తుంది. దాన్ని కిలోపాస్కల్ అనుకుంటే వెయ్యి రెట్ల తప్పు.

ఇక రాత. మన బడి వ్యాసాల అలవాటు ‘మానవ శరీరం అద్భుత యంత్రం’ అంటూ మొదలై, చెప్పాల్సిన మాటను చివరికి దాస్తుంది. ఆ తీరు తప్పని కాదు, వేరే చోట చెల్లుతుంది. ఇంగ్లిష్ పేపర్ చదివేవాడు ఉపోద్ఘాతంలోనే మూడు ఆశిస్తాడు: తెలిసిందేమిటి, దొరకనిదేమిటి, ఈ పేపర్ ఏం చేసింది. అలాగని పాశ్చాత్యులంతా ఒకటే అనుకోవద్దు. జర్మన్ విద్వాంసుల రాతలో పక్కదార్లు ఇంగ్లిష్ వాళ్లకంటే ఎక్కువని భాషాశాస్త్రవేత్త మైకేల్ క్లైన్ 1987లోనే చూపించారు.

ఎంతవరకు చెప్పగలరో అంతే చెప్పండి. ‘చర్మం ప్రవర్తనను ఈ మోడల్ కచ్చితంగా చెబుతుంది’ అంటే రివ్యూయర్ అక్కడే పట్టుకుంటాడు. ‘ఒకే దిశలో లాగినప్పుడు, 30 శాతం సాగుదల వరకు, కొలిచిన విలువలకు ఇంత తేడాలో ఉంది’ అని అంకె వేయండి. పరీక్షల్లో టెక్స్ట్‌బుక్ వాక్యాలు దించితే మార్కులు పడతాయి. పేపర్‌లో మాత్రం మూలం చెప్పినా సరే, వాక్య నిర్మాణం ఉంచి మాటలు మార్చితే కాపీ కిందే లెక్క. చదివింది మూసేసి, గ్రాఫ్ ఎదురుగా పెట్టుకుని రాయండి.

మెయిల్ ఆరు వాక్యాలు దాటకూడదు. ‘రెస్పెక్టెడ్ సర్’ మనకు మర్యాద, వాళ్లకు మూకుమ్మడి మెయిల్ గుర్తు. ‘డియర్ ప్రొఫెసర్’ పక్కన ఇంటిపేరు రాయండి. రెండో వాక్యంలో ఆయన పేపర్‌లోని ఏ బొమ్మలో డేటాను తీసుకుని ఫిట్ చేశారో, మూడోదాంట్లో ఎక్కడ కుదరలేదో చెప్పండి. ఆ డేటాను, మీ మోడల్ కర్వ్‌ను కలిపి చూపే గ్రాఫ్ ఒక్కటీ, ఒక పేజీ సీవీ జత చేయండి. ఇరవై మందికి ఒకే మెయిల్ పెట్టే బదులు నలుగురికి నాలుగు గ్రాఫ్‌లు పంపండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయొచ్చు.