లెన్స్ ప్యాకెట్ సీలు ఎంత గట్టిగా ఉండాలి?

ప్రశ్న: నేను ఏ రోజుకారోజు వాడి పారేసే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటాను. ఈ నెల తెచ్చుకున్న పెట్టెలో ఒక ప్యాకెట్ రేకు తీస్తే లోపల నీళ్లు దాదాపు లేవు. లెన్స్ ఎండి గిన్నె అడుగున అతుక్కుని ఉంది. రేకు ఎక్కడా చిరగలేదు. అలాంటప్పుడు నీళ్లెలా పోయాయి? లెన్స్ ద్రావణంలో నానబెట్టి దానిని వాడుకోవచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వాడకండి. నానబెడితే ఆ లెన్స్ మళ్లీ మెత్తబడి మునుపటిలాగే కనిపించవచ్చు, కాని నీళ్లు బయటికి పోయిన దారిలోనే సూక్ష్మజీవులు లోపలికి రాగలవు కాబట్టి దానిని శుద్ధమైనదిగా ఎంచడానికి వీల్లేదు. కుళాయి నీళ్లు పోయాలన్న ఆలోచన అసలే రానివ్వకండి. అకాంతమీబా అనే జీవి మన కుళాయి నీళ్లలో ఉండవచ్చు, అది కంటి నల్లగుడ్డుకు పడితే చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఎండిన ప్యాకెట్‌ను, లాట్ నంబరు ఉన్న పెట్టెను భద్రపరచి, అమ్మిన దుకాణం ద్వారా తయారీదారుకు చేరవేయండి. ఆ లాట్‌లో లోపం ఇంకెక్కడైనా ఉందో లేదో వెతకడానికి వారికి అదే ఆధారం.

ఇక నీళ్లు పోయిన వైనం. గిన్నె పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్‌తో పోత పోసినది. పైనున్న రేకు అల్యూమినియం, దాని అడుగున ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. గిన్నె చుట్టూ కాస్త ఉబ్బెత్తుగా ఉన్న అంచు మీద వేడి అచ్చు రేకును అదిమినప్పుడు పై పొరా, కింది అంచూ కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మీరు రేకు పీకిన తరువాత గిన్నె అంచు మీద మిగిలే తెల్లని వలయమే ఆ సీలు. దాని వెడల్పు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. సీలు వేసే క్షణంలో ఆ అంచు మీద సెలైన్ (లెన్స్ మునిగి ఉండే ఉప్పు నీరు) చుక్క ఒకటి పడి ఉన్నా, లెన్స్ అంచు కాస్త పైకి తేలి అక్కడ చిక్కుకున్నా, ప్లాస్టిక్‌ను కరిగించవలసిన వేడి ఆ తడిని మరిగించడానికి ఖర్చవుతుంది. అప్పుడు సీలులో వెంట్రుక వంటి సన్నని సందు మిగిలిపోవచ్చు. ఆవకాయ జాడీ అంచున అంటిన నూనె తుడవకుండా వాసెన కడితే ఎంత బిగించినా ఏం లాభం, ఇదీ అంతే. ఆ సందు కంటికి కనిపించదు గనుక రేకు మీకు నిక్షేపంగానే అనిపించింది. మీ ప్యాకెట్‌లో జరిగింది కచ్చితంగా ఇదేనని చూడకుండా చెప్పలేను గాని, చిరుగు లేకుండా ఎండిన ప్యాకెట్ విషయంలో మొదట అనుమానించవలసింది సీలునే.

ప్రశ్న: ప్యాకేజింగ్ మా ప్రాజెక్టు అంశం. లెన్స్ ప్యాకెట్లకు ఇంకా బలమైన జిగురు, ఇంకా వెడల్పైన సీలు వాడితే కారడం ఆగిపోతుంది కదా? మేము ఏ పరీక్షలు చేయాలి? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: పైన చెప్పినట్టు ఇందులో జిగురు అంటూ వేరే ఏదీ లేదు, ముందు ఆ మాటను మీ నివేదికలోంచి తీసేయండి. బలం పెంచడం కూడా మీరు అనుకున్నంత తేలికైన పరిష్కారం కాదు, ఎందుకంటే ఈ సీలు ఒకసారి ఆటోక్లేవ్‌ను, అంటే పీడనంతో కూడిన ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రాన్ని, తట్టుకోవాలి, మరొకసారి రెండు వేళ్లకు లొంగాలి.

ఆటోక్లేవ్ సంగతి చూడండి. మెత్తని లెన్సులను సీలు వేసిన తరువాతే 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో ఉంచి శుద్ధి చేస్తారు. పాలీప్రొపిలిన్ 160 డిగ్రీల ప్రాంతంలో గాని కరగదు కాబట్టి ఈ వేడికి నిలుస్తుంది. అయితే ఆ ఉష్ణోగ్రతలో ప్యాకెట్‌లోని నీటి ఆవిరి ఒక్కటే సుమారు 2 వాతావరణాల పీడనం, అంటే నేల మీది మామూలు గాలి పీడనానికి రెండింతలు, చూపుతుంది. మూతలో చిక్కుకున్న గాలి వేడెక్కి మరో 1.3 దాకా కలుపుతుంది. అంటే లోపల 3.3, బయట ఉత్త ఆవిరే ఉంటే 2. ఆ తేడాకు, అప్పటికే వేడికి మెత్తబడి ఉన్న సీలు విచ్చుకుంటుంది. అందుకే ఆటోక్లేవ్‌లోకి అదనంగా గాలి పంపి బయటి పీడనాన్ని లోపలి దానికి సరిసమానంగా నిలుపుతారు. చల్లబరిచేటప్పుడు ఆ గాలిని తొందరపడి వదిలేస్తే, అంతవరకు బాగున్న సీలు కూడా చెడిపోతుంది. మీరు రేకులో లోపమని వెతుకుతున్నది నిజానికి కవాటం తిప్పిన వేగంలో ఉండవచ్చు.

రెండో పరీక్ష వేళ్లది. సీలు మరీ గట్టిదైతే రేకు ఒక్క కుదుపుతో ఊడి లెన్స్ ఎగిరి సింకులో పడుతుంది, లేదా రేకు మధ్యకు చిరిగిపోతుంది. దీనికి నాకు నచ్చిన ఉపాయం ఆకారంలో ఉంది. పట్టుకుని లాగే కొస వైపు సీలును గుండ్రంగా కాక బాణం మొనలా దిద్దితే, మొదట ఆ మొన దగ్గర కొద్దిపాటి బలంతోనే రేకు విడివడడం మొదలవుతుంది. సీలు బలం తగ్గించకుండానే చేతికి సులువవుతుంది.

కారడం తగ్గించాలంటే వెడల్పుకంటే శుభ్రతకే ఎక్కువ శ్రమ పెట్టండి. గిన్నె లోతు, సెలైన్ పరిమాణం, నింపిన చోటి నుంచి సీలు వేసే చోటికి ట్రే కదిలే కుదుపు, ఈ మూడూ అంచు మీద చుక్క పడుతుందా లేదా అన్నది తేలుస్తాయి. పలుచని ప్యాకెట్ల దారి కూడా చూడండి. జపాన్‌కు చెందిన మెనికాన్ 1 మిల్లీమీటరు మందంతో, గిన్నె లేకుండా, రెండు పక్కలా రేకే ఉన్న ప్యాకెట్ తెచ్చింది. తెరిచినప్పుడు లెన్స్ బయటి వైపే వేలికి తగులుతుంది. నీళ్లు తక్కువ, ప్లాస్టిక్ తక్కువ. అయితే నీళ్లు తక్కువైన కొద్దీ ఒక్క చుక్క పోవడం కూడా పెద్ద నష్టమే, కాబట్టి సీలులో తప్పుకు అక్కడ చోటు ఇంకా తక్కువ.

పరీక్షల్లో సీలు విడదీయడానికి పట్టే బలాన్ని న్యూటన్లలో కొలవడం అందరూ చేస్తారు. దానితో ఆగకండి, గట్టిగా అతికిన సీలులోనూ సందు ఉండగలదు. ప్యాకెట్‌ను రంగు నీళ్లలో ముంచి, పైన గాలి లాగేసి, మళ్లీ వదిలితే రంగు ఆ సందులోంచి లోపలికి చేరి దొరికిపోతుంది. అన్నిటికంటే చవకైనది తూకం: వంద ప్యాకెట్లకు నంబర్లు వేసి, వెచ్చని గదిలో ఉంచి, వారానికోసారి మిల్లీగ్రాముల త్రాసులో తూచండి. అల్యూమినియం ఆవిరిని దాదాపు ఆపేస్తుంది గాని ప్లాస్టిక్ గోడ లోంచి కొంత పోతూనే ఉంటుంది, కాబట్టి అన్నీ కాస్తకాస్త తగ్గుతాయి. వాటిలో ఏ ఒక్కటైనా వేగంగా తగ్గితే అది కారుతున్నది. ఈ తరుగుదల లెన్స్‌కు కూడా పట్టింపే. 0.9 శాతం ఉప్పున్న సెలైన్‌లో పదో వంతు నీరు పోతే ఉప్పు 1 శాతానికి చేరుతుంది, అప్పుడు మెత్తని లెన్స్ కొలతల్లో కూడా మార్పు రావచ్చు.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఆరు నెలల లెన్సులు తెచ్చుకుంటాను. విమానంలో పీడనం తగ్గి ప్యాకెట్లు పగలవా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: క్యాబిన్‌లో పీడనం నేల మీది దానిలో సుమారు నాలుగింట మూడు వంతులు ఉంటుంది, రేకు కాస్త ఉబ్బుతుందేమో గాని సరిగా వేసిన సీలుకు అది లెక్కలోనిది కాదు. బరువైన సామాను కింద నలిగి రేకుకు చిల్లి పడకుండా పెట్టెతోనే తెచ్చుకోండి. ఇక్కడికి వచ్చాక మే నెలలో హైదరాబాద్‌లో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదిలేయకండి. పెట్టె మీద ముద్రించిన ఉష్ణోగ్రతను ఆ డ్యాష్‌బోర్డు పొద్దున పదింటికే దాటేస్తుంది.