డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు ఎవరిది?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. సెకండ్‌హ్యాండ్ కెమెరా కొని స్టాక్ సైట్లలో (ఫొటో వాడుకునే లైసెన్సులు అమ్మిపెట్టే వెబ్‌సైట్లు) ఫొటోలు అమ్మడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒక లాడ్జి ఓనరు బ్రోచర్ కోసం ఆరు వేలిచ్చి ఫొటోలు తీయించుకున్నారు. అవీ, ఆ రోజే హాతీపత్తర్ దగ్గర తీసిన నాగావళి ఫొటో కూడా సైట్‌లో పెట్టాను. నాగావళి ఫొటో ఇప్పుడు బరంపురంలో ఒక ట్రావెల్స్ వాళ్ల హోర్డింగ్ మీద ఉంది. నా పేరు లేదు, పైసా రాలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఐదు లక్షలకు నోటీసు ఇవ్వొచ్చా? ఫొటోల హక్కులు నావేనని పాత తేదీతో కాగితం రాసిస్తానని లాడ్జి ఓనరు అంటున్నారు.

జవాబు: మీ కేసు తేలేది ఆ ఆరు వేల దగ్గరే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవారే దాని ‘రచయిత’ (అంటే సృష్టించినవారు), మామూలుగా యజమాని కూడా. కానీ ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 17వ సెక్షన్ కింద మొదటి యజమాని ఆ తీయించుకున్నవారే. కెమెరా మీదే కావచ్చు, కష్టమూ మీదే కావచ్చు, కోర్టు అది చూడదు. నాగావళి ఫొటో ఆ ఆర్డరులోదా, పని అయ్యాక మీ అంతట మీరు తీసుకున్నదా? అసలు సంగతి ఇదే, దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. హోర్డింగ్ ఎప్పుడు పెట్టారో కూడా రాయలేదు. నష్టపరిహారానికి గడువు ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేళ్లే.

ఆర్డరు ఏమిటో చెప్పే వాట్సాప్ చాట్, కెమెరాలోని ఒరిజినల్ ఫైలు, డబ్బు జమైన వివరం చెరిపేయకండి. ఇవి ఎలక్ట్రానిక్ రికార్డులు కాబట్టి కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. తెలుగు చాట్‌కు ఒడియా లేదా ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. హోర్డింగ్ తీసేయకముందే తేదీ తెలిసేలా దాన్ని ఫొటో తీయండి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదని కంగారు పడకండి, అది తప్పనిసరి కాదు.

పాత తేదీ కాగితం జోలికి మాత్రం వెళ్లొద్దు. అది దొంగ పత్రం. కోర్టులో పెడితే ఫిర్యాదుదారు స్థానం నుంచి మీరు ముద్దాయి స్థానానికి వెళ్తారు, ఓనరునూ లాగుతారు. ఫొటో ఆర్డరులోదే అయితే ఇవాళ్టి తేదీతోనే, ఆయన సంతకంతో, ఏ ఫొటోలు, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, ఎంత సొమ్ముకో రాసి హక్కులు బదిలీ చేయించుకోండి. ఇప్పటికే జరిగిన వాడకం మీద దావా వేయాలంటే ఆయన కూడా వాదిగా ఉండాలి. యజమాని ఎవరైనా, రచయితగా మీ పేరు కోరే హక్కు 57వ సెక్షన్ కింద మీకుంటుంది.

ఐదు లక్షల నోటీసు ఇప్పుడే వద్దు. ట్రావెల్స్ వాళ్లు ఆ ఫొటోకు స్టాక్ సైట్‌లోనే లైసెన్సు కొనుక్కుని ఉండొచ్చు! మీ ఖాతాలో అమ్మకాల పట్టీ చూడండి, సైట్ వాళ్లకు రాయండి. ఆధారం లేని బెదిరింపు మీద 60వ సెక్షన్ కింద వాళ్లే మీ మీద దావా వేయొచ్చు. లైసెన్సు లేదని, ఫొటో మీదేనని తేలాక నోటీసు ఇద్దాం. 62వ సెక్షన్ ప్రకారం రాయగడ జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు, బరంపురం తిరగనక్కర్లేదు.

ఇక ఆ లాడ్జి గదుల ఫొటోలు ఇవాళే సైట్ నుంచి తీసేయండి. అవి మీవేనని టిక్ పెట్టి అమ్మకానికి పెట్టారు, రేపు ఓనరు మాట మారిస్తే ఆ టిక్కే మీకు ఎదురు సాక్ష్యం.