వెళ్లగక్కడం కెథార్సిస్ అవుతుందా?

సందేహం: ఇంగ్లీషులోని ‘ఎమోషనల్ కెథార్సిస్’కూ పోర్చుగీసులోని ‘కతార్సి’కీ అర్థం ఒకటేనా? దానిని తెలుగులో ‘ఆవేశాన్ని వెళ్లగక్కడం’ అని అనువదించవచ్చునా?

సమాధానం: రెండు మాటలకూ మూలం ‘కథార్సిస్’ అనే గ్రీకు పదమే, శుద్ధి చేయడమని దాని అర్థం. గ్రీకు వైద్యులు దేహంలోని దోషాన్ని బయటికి పంపే ప్రక్రియకు దానిని వాడారు. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో విషాదనాటకాన్ని నిర్వచిస్తూ, అది జాలినీ భయాన్నీ రేకెత్తించి, ఆ భావాలకే కథార్సిస్ కలిగిస్తుందన్నాడు. ఆ మాటను అక్కడ వివరించకుండా వదిలివేసినందువల్ల, ఆ భావాలు శుద్ధి పొందుతాయా, విరేచనమై వెలికిపోతాయా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. 1857లో జర్మన్ పండితుడు యాకోబ్ బెర్నేస్ విరేచనార్థాన్నే గట్టిగా సమర్థించాడు. అణచిపెట్టుకున్న బాధను గుర్తుకు తెచ్చుకొని, ఆనాటి ఉద్వేగంతో సహా మాటల్లో పెట్టినప్పుడు రోగికి ఉపశమనం కలుగుతుందని భావించిన వియన్నా వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్‌లు 1895 నాటి హిస్టీరియా గ్రంథంలో తమ చికిత్సాపద్ధతికి ఈ పేరే వాడారు. నేటి వాడుకలోని మానసికార్థానికి బలం చేకూర్చినది ఆ గ్రంథమే.

కాబట్టి ఇంగ్లీషు, పోర్చుగీసు మాటలకు ప్రధానార్థంలో భేదం లేదు; రెండింటి విశేషణరూపాలకూ విరేచనకారి అనే వైద్యార్థం కూడా ఉంది. అయితే పోర్చుగీసులో దీని పక్కన ‘దెజబాఫు’ అనే చక్కని నిత్యవ్యవహార పదం ఒకటుంది. ‘అబఫార్’ అంటే ఊపిరాడకుండా చేయడం. దానికి వ్యతిరేకార్థక ఉపసర్గ చేరి, లోపల ఉక్కిరిబిక్కిరి చేస్తున్నదాన్ని ఎవరితోనైనా చెప్పుకోవడమనే అర్థం వచ్చింది. దెజబాఫు చెప్పుకునే పని, కతార్సి మనసుకు కలిగే మార్పు. ఎంత చెప్పుకున్నా ఆ మార్పు రాకపోవచ్చు; ఒక్క మాటా పలకని ప్రేక్షకుడికి నాటకం చూస్తూనే అది కలగవచ్చు.

మీరు సూచించిన ‘వెళ్లగక్కడం’లో ఈ మార్పు లేదు. పైగా మన వాడుకలో వెళ్లగక్కేది ఎక్కువగా అక్కసు, విషం. జాలిని వెళ్లగక్కాడని ఎవరూ అనరు. దెజబాఫుకు ‘గోడు వెళ్లబోసుకోవడం’ దగ్గరగా ఉంటుంది. కెథార్సిస్‌కు శాస్త్రగ్రంథాల్లో ‘భావవిరేచనం’ చెల్లుతుంది కాని, సాహిత్యచర్చలో నేను ‘భావప్రక్షాళన’నే ఎంచుకుంటాను. మామూలు రచనలో ‘మనసు తేటపడటం’ అంటే చాలు. కలత అణగి నిర్మలమవడమనే గ్రీకు భావం ఆ క్రియలో సహజంగా ఇమిడివుంది.