సినిమా షూటింగ్ మధ్యలో డ్రోన్ కెమెరా మొరాయిస్తే ఏం చేస్తారు?

ప్రశ్న అడిగినాయన వచ్చే నెల నుంచి ఒక చిన్న సినిమా యూనిట్‌తో పనిచేయబోతున్నారట. జింబల్ (కెమెరాని కుదుపు లేకుండా పట్టి ఉంచే మోటార్ల అమరిక) ఎర్రర్, సిగ్నల్ పోవడం, బ్యాటరీ తొందరగా దిగిపోవడం లాంటివి లొకేషన్‌లోనే ఎలా సరిచేసుకోవాలని అడిగారు. నాది శ్రీకాకుళం. పెళ్లిళ్ల వీడియోలతో మొదలుపెట్టాను. ఏడేళ్లుగా మా జిల్లాకీ, విజయనగరానికీ వచ్చే సినిమా, సీరియల్ యూనిట్లకు డ్రోన్ ఎగరేస్తున్నాను.

ముందు జింబల్ సంగతి తేల్చేస్తాను. ‘మోటార్ ఓవర్‌లోడ్’ అని స్క్రీన్ మీద వస్తే నేను చూసినంతలో కారణాలు మూడే. జింబల్ మీది మూత తీయకుండా ఆన్ చేసి ఉంటారు, లేదా ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది, లేదా చవగ్గా వచ్చిందని లెన్స్‌కి బరువెక్కువ ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) తగిలించి ఉంటారు. ఆఫ్ చేసి, ఫిల్టర్ తీసి, బ్లోయర్‌తో ఊది, చదునైన చోట పెట్టి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే స్క్రూడ్రైవర్ జోలికి పోకుండా రెండో డ్రోన్ తీయండి. రెండో డ్రోన్ లేకుండా సినిమా పని ఒప్పుకోవద్దు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని ఆపేశారు. విడిభాగాలకు అనుమతి ఉంది గానీ అవి మా ఊరి దాకా వచ్చేసరికి సినిమాకి గుమ్మడికాయ కొట్టేస్తారు.

ఇంక నేను చెప్పాలనుకున్నది చెప్తాను. డ్రోన్ చెడిపోవడం వల్ల నా చేతుల్లో పోయిన షాట్లు తక్కువ. ‘ఇంకొక్క టేక్’ అన్న మాట వల్ల పోబోయినవే ఎక్కువ.

మూడేళ్ల కిందట జనవరిలో కళింగపట్నంలో షూటింగ్. తెల్లారుతుండగా హీరో పడవ ఒడ్డుకి తిరిగొస్తుంది. డ్రోన్ ఆ పడవ వెనకాలే అలల మీద కిందగా వచ్చి, దాని మీదుగా లేస్తే లైట్‌హౌసూ, వంశధార సముద్రంలో కలిసే చోటూ కనపడాలి. వెలుగు సరిగ్గా ఉండేది ఆరున్నర నుంచి ఓ అరగంట. ఒడ్డు మీద నుంచే ఎగరేస్తానన్నాను. డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు. రెండో పడవలో నా పక్కన కూర్చుని నా స్క్రీన్‌లోనే చూస్తానన్నారు. సరే, పడవెక్కాం.

అక్కడి నుంచే తంటాలు మొదలయ్యాయి. డ్రోన్ ఆన్ చేసినప్పుడు కాసేపు కదలకుండా ఉంటేనే దాని సెన్సర్లు కుదురుకుంటాయి. ఊగే పడవలో అదెలా కుదురుతుంది? పైగా ఇంజను ఇనుము దగ్గరగా ఉండటంతో కంపాస్ తప్పు చూపిస్తోంది. పడవ నడిపే సరంగు ఒక పెద్దాయన. ఆయన మనవడు, ఇరవై ఏళ్లుండవు, ముక్కు భాగానికి పోయి డ్రోన్‌ని అరచేతిలో పెట్టుకుని తల మీదకి ఎత్తి నిలబడ్డాడు. అల వచ్చిన ప్రతిసారీ మోకాళ్లు వంచి, చెయ్యి మాత్రం కదలనివ్వలేదు. ఏ జింబలూ అంత నిలకడగా ఉండదు. అలా అతని చేతిలోంచే ఎగిరింది.

మొదటి టేక్‌లో యూనిట్ వాళ్ల ఇంకో పడవ ఫ్రేములోకి వచ్చేసింది. రెండోది అద్దంలా వచ్చింది. బ్యాటరీ 32 శాతం. దించుతానన్నాను. ‘ఒక్కటి బాబూ, రెండే రెండు నిమిషాలు’ అన్నారు డైరెక్టర్ గారు. నేను నోరు మూసుకుని మూడోసారి వెనక్కి తిప్పాను. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సగంలో ఉండగా రిమోట్ కీచుమంది. బ్యాటరీ తక్కువుంది, ఇంటికి పోతున్నానని డ్రోన్ పది నుంచి ఒకటి దాకా లెక్క పెట్టింది. ఆ గాభరాలో ఆపే మీట నొక్కలేదు. అది నిటారుగా 60 మీటర్లు లేచి, మా పడవకి అడ్డంగా తిరిగి సముద్రం లోపలికి బయల్దేరింది.

సరంగు చూసి అన్నాడు: ‘నీ పిట్ట అటెల్పోతందేటి బావూ?’

‘ఇంటికెల్తంది తాతా.’

‘ఆడ ఇల్లేటుంది? నీళ్లే కదా!’

నాకప్పుడు వెలిగింది. డ్రోన్ ఎగిరిన చోటుని హోమ్ పాయింట్‌గా గుర్తుపెట్టుకుంటుంది. తనని ఎగరేసిన మనిషిని కాదు, ఆ చోటుని. మేం ఎగరేశాక టేక్ టేక్‌కీ పడవ జరుగుతూ, నీటి వడికి కొట్టుకుంటూ, హీనపక్షం ఏడొందల మీటర్లు వచ్చేశాం. ఈ డ్రోను బుద్ధిగా ఆ పాత చోటికి పోయి, నీళ్ల మీద మెల్లగా దిగి, మెల్లగా మునిగిపోతుంది.

రిటర్న్ రద్దు చేసి వెనక్కి లాగాను. గాలి ఎదురు. పడవ మీదకొచ్చేసరికి 14 శాతం. ఇప్పుడు దించాలి. డ్రోన్ పొట్ట కింద నేలని చూసే సెన్సర్లుంటాయి. కదిలే నీళ్లని చూస్తే వాటికి నేల ఎక్కడుందో తెలియదు. ఒకసారి కిందకి, ఒకసారి పక్కకి. దానికి తోడు పడవలో వలలు, తాళ్లు. 10 శాతానికి రాగానే అది తనంతట తాను దిగడం మొదలుపెట్టింది. రిమోట్ మీది కర్రని (స్టిక్) పైకి నొక్కిపట్టి, పక్కకి లాగుతూ ముక్కు భాగం మీదకి తెచ్చాను. సరంగు మనవడు ఎగిరి పట్టుకున్నాడు. పట్టుకుంటే అదేదో అడ్డొచ్చిందనుకుని ఇంకా పైకి పోవాలని చూస్తుంది. అతను వదల్లేదు. నేను ఎడమ కర్ర కిందకి నొక్కి ఉంచితే మోటార్లు ఆగాయి. అతని చూపుడు వేలు రెక్క తగిలి తెగింది. తువ్వాలు చుట్టుకుని ‘ఏటీ లేదు మావా’ అన్నాడు.

డైరెక్టర్ గారు చల్లగా ‘రెండో టేకే బాగుంది కదా’ అన్నారు. సినిమాలో వాడింది అదే. నాలుగు సెకన్లు.

కాబట్టి పడవ మీద నుంచి ఎగరేసే పనైతే, పడవ జరిగినప్పుడల్లా హోమ్ పాయింట్‌ని రిమోట్ ఉన్న చోటికి మార్చుకోండి. చేత్తో పట్టుకోవాల్సి వస్తే కింది సెన్సర్లని ముందే ఆపేయండి. సముద్రం మీద నా గీత 35 శాతం, బ్యాటరీ అక్కడికి రాగానే దించేస్తాను. పెట్టె మీద 46 నిమిషాలు ఎగురుతుందని రాసి ఉంటే అది గాలి లేనప్పటి లెక్క. నేను పాతిక నిమిషాలే అనుకుంటాను. దించిన బ్యాటరీ వేడిగా ఉంటే ఛార్జింగ్ ఎక్కదు. జనరేటర్ వ్యాన్ దగ్గర ప్లగ్గు పెట్టి ‘ఎక్కట్లేదు, ఎక్కట్లేదు’ అని కంగారు పడకండి, నీడలో పెట్టి టీ తాగి రండి.

సిగ్నల్ గురించి కూడా అడిగారు కదా. డైరెక్టర్ మానిటర్‌కి పెట్టే వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్లు చాలా వరకు 5 గిగాహెర్ట్‌జ్‌లో పనిచేస్తాయి. మీ రిమోట్ కూడా 5.8లో ఉంటే రెండూ కొట్టుకుంటాయి. 2.4కి మార్చి చూడండి. లేదంటే ఆ పెట్టెకి దూరంగా నిలబడండి. విజయనగరం కోట దగ్గర ఒక సీరియల్‌కి నేను అరగంట డ్రోన్‌ని తిట్టుకున్నాను. చివరికి చూస్తే ఆ ట్రాన్స్‌మిటర్ నా వెనకాలే స్టాండ్‌కి వేలాడుతోంది.

మరొకటి, లాడ్జిలో ఏసీ గదిలో డ్రోన్ పెట్టుకుని పడుకోకండి. తెల్లవారుజామున మన సముద్రపు ఉక్కలోకి తేగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. నేను రాత్రంతా బ్యాగ్ వ్యాన్‌లోనే ఉంచుతాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా ముందు రాత్రే చూసుకోండి. ఫోన్ టవరే లేని చోట ‘అప్‌డేట్ చేస్తేనే ఎగురుతాను’ అని మొండికేసే యంత్రాన్ని తయారుచేసిన మహానుభావుడెవరో గానీ, ఒక్కరోజు యూనిట్‌తో తిరిగితే బాగుండు. నీళ్లలో పడితే బియ్యంలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి యూనిట్‌లోనూ ఒకరుంటారు. ఉప్పునీళ్లు తాగిన డ్రోన్‌ని బియ్యం బతికించదు. మెమరీ కార్డు తీసి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టుకుంటే షాట్ దక్కొచ్చు.

కుదరదని చెప్పాల్సింది డ్రోన్ గాల్లో ఉన్నప్పుడే కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి సెప్టెంబర్ నుంచి మార్చి దాకా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఒక ప్రొడక్షన్ మేనేజర్ అక్కడ చెట్ల మీదుగా డ్రోన్ తిప్పి ‘పక్షులన్నీ ఒక్కసారి లేవాలి’ అన్నాడు. గూళ్లలో పిల్లలుంటాయండీ అంటే ‘రెండు నిమిషాలే కదా’ అన్నాడు. ఆ రోజు మాత్రం బ్యాగ్ సర్దుకుని వచ్చేశాను. ఆయన నాకు మళ్లీ ఫోన్ చేయలేదు.

ఎయిర్‌పోర్టు కట్టిన భోగాపురం వైపు పనైతే, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ ఆ రోజు పొద్దునే చూడండి. విమానాలు తిరిగే ఎయిర్‌పోర్టు గోడకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగుల దాకానే. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బులు తీసుకుని ఎగరేసేవాళ్లకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. ‘లోకల్ కుర్రాడు, చూసుకుంటాడు’ అని యూనిట్ వాళ్లు అంటారు. పోలీసులొస్తే చూసుకోవాల్సింది కూడా లోకల్ కుర్రాడే.

సరంగు మనవడు ఇప్పుడు నా దగ్గరే పనిచేస్తున్నాడు. వెల్డింగ్ వాళ్లు వేసుకునే తోలు గ్లౌజులు కొనిచ్చాను. పక్కన నిలబడి నా స్క్రీన్ మీద అంకె మాత్రమే చూస్తుంటాడు. 35 రాగానే డైరెక్టర్ ఎవరు, హీరో ఎవరు అని చూడడు, ‘మావా, దించీ’ అని యూనిట్ మొత్తానికి వినపడేలా అరుస్తాడు. మొన్న బేటా (యూనిట్ ఇచ్చే రోజు ఖర్చులు) బిల్లులో ఇతని పేరు పక్కన ఏం పనని రాయాలని అడిగితే ‘డ్రోన్ పట్టేవాడు’ అని రాయించాను.