పెద్దల కాగితం వద్దు, కోర్టు డిక్రీ తెచ్చుకో తల్లీ

అమ్మాయీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. ఇక కలిసి ఉండలేం, గొడవ పడకుండా విడిపోదామని నువ్వూ అల్లుడూ కూర్చుని అనుకున్నారట. బాధ లేదని అనను. కానీ ఆ మాట ఒకరినొకరు తిట్టుకోకుండా అనుకోగలిగారంటే మీ ఇద్దరి మీదా గౌరవం పెరిగింది. అమలాపురం కోర్టులో ప్లీడరు గారి గుమాస్తాగా బతుకంతా గడిపినవాణ్ణి. ఏళ్ళ తరబడి వాయిదాలకి తిరిగి, చివరికి మొదట్లో వద్దన్న షరతులకే ఒప్పుకున్న జంటల్ని ఎందర్నో చూశాను. మీకా గతి పట్టకూడదనే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. పాలకొల్లు నుంచి వాళ్ళ పెద్దలు, మన పెద్దలు కలిసి కూర్చుని, స్టాంపు కాగితం మీద విడాకులు రాయించి సంతకాలు పెట్టించేద్దామంటున్నారట. దానికి ఒప్పుకోకు. మన హిందువుల పెళ్ళిని రద్దు చేసేది కోర్టు డిక్రీయే, అంటే జడ్జి గారి తీర్పు పత్రమే. కులాచారం ప్రకారం ఇచ్చిన విడాకులకి హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ ఆ ఆచారం తరతరాలుగా నడుస్తోందని సాక్ష్యాలతో రుజువు చెయ్యాలి, అది అందరివల్లా అయ్యే పని కాదు. స్టాంపు కాగితాన్ని నమ్మి ఎవరు రెండో పెళ్ళి చేసుకున్నా ఆ పెళ్ళి చెల్లదు, పైగా అది నేరం. అలా కూతురికి మళ్ళీ పెళ్ళి చేసిన ఒక తండ్రి, పాత అల్లుడు కేసు వేశాక మా ఆఫీసు బెంచీ మీద కూర్చుని 'పది మంది పెద్దలు సంతకాలు పెట్టారు కదండీ' అని అడుగుతూనే ఉన్నాడు. ఆయనకి చెప్పడానికి మా దగ్గర జవాబు లేకపోయింది. పెద్దలు కూర్చోవడం తప్పు కాదమ్మా. ఇచ్చిపుచ్చుకోవడాలు తేల్చడానికి వాళ్ళు కావాలి. విడాకులు ఇవ్వడం మాత్రం వాళ్ళ చేతిలో లేదు.

మీకు సరిపోయేది 13-బి సెక్షన్. 1976లో చట్టంలో చేర్చారు. ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వెయ్యాలి. ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండాలి, కలిసి బతకలేకపోయామని, విడిపోవడానికి ఇద్దరం ఒప్పుకున్నామని చెప్పాలి. ఎవరిది తప్పో రుజువు చెయ్యక్కర్లేదు, ఒకరి మీద ఒకరు బురద చల్లుకోనక్కర్లేదు. పోయినేడు దసరాకి పుట్టింటికి వచ్చినదానివి, మళ్ళీ దసరా దాటిపోయింది కాబట్టి ఏడాది షరతు మీకు తీరింది. ఆ తేదీ ఉన్నదున్నట్టే రాయించు. పెళ్ళి జరిగిన పాలకొల్లు వైపు గానీ, చివరగా కాపురమున్న హైదరాబాద్‌లో గానీ, నువ్వు ఇప్పుడుంటున్న మన వైపు గానీ పిటిషన్ వెయ్యొచ్చు. పిల్లాడు నీ దగ్గర ఉన్నాడు కనక అమలాపురమే మేలు. (మీ స్నేహితురాలి సంగతి కూడా అడిగావట. వాళ్ళది చర్చిలో జరిగిన క్రైస్తవ వివాహం కాబట్టి చట్టం వేరు, డైవోర్స్ యాక్ట్‌లోని 10-ఎ సెక్షన్. అందులో విడిగా ఉండాల్సిన కాలం రెండేళ్ళని రాసి ఉంది. ఆ అమ్మాయిని విడిగా వకీలుని కలవమను.)

ఇప్పుడు అసలు పని. కోర్టు గుమ్మం ఎక్కే ముందే రాజీ మొత్తం కాగితం మీదికి రావాలి. 'తర్వాత చూసుకుందాం', 'మనలో మనకి కాగితాలేంటి' అన్న మాటలే రేపు తగువులవుతాయి.

బంగారంతో మొదలుపెట్టు. నోటి లెక్క వద్దు. రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరు వెళ్ళి, తెలిసిన కొట్లో తూకం వేయించండి. వడ్డాణం ఒకటి, ఇన్ని గ్రాములు; గాజులు ఇన్ని, ఇన్ని గ్రాములు; నల్లపూసలు, హారం, పిల్లాడి మొలతాడు ఇలా ఒక్కో వస్తువూ ఒక్కో వరసలో రాసి, ఎవరి దగ్గర ఏముందో, ఏది తాకట్టులో ఉందో పక్కన వేసి, కింద ఇద్దరూ సంతకాలు పెట్టండి. కాసుల్లో రాస్తే గ్రాములు కూడా రాయండి. నీ వాళ్ళు నీకు పెట్టింది, అత్తవారు నీకు పెట్టింది స్త్రీధనం, అది నీదే. కట్నంగా ఇచ్చిన డబ్బు కూడా నీకే చెందాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలోనే ఉంది. సారె సామాను, బీరువా, మంచం గురించి మాత్రం మరీ పట్టుపట్టకు. పాత మంచం కోసం రెండు వాయిదాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

పసుపు కుంకుమ కింద మీ నాన్న నీ పేర రాసిన కొబ్బరి తోట నీది, అందులో బేరానికేమీ లేదు. కానీ అసలు దస్తావేజు, పట్టాదారు పాసుపుస్తకం అత్తవారి బీరువాలో ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. అవి ఫలానా తేదీకి తిరిగి ఇస్తారని ఒప్పందంలో రాయించు. ఇన్నాళ్ళూ కొబ్బరికాయల దింపు డబ్బు ఎవరు తీసుకున్నారో, ఇక ఎవరు తీసుకుంటారో అదీ ఒక వాక్యం రాస్తే చాలు.

నీకు ఇచ్చే భరణం ఒక్కసారిగా తీసుకునేట్టయితే డీడీ గానీ బ్యాంకు బదిలీ గానీ అడుగు, రొక్కం వద్దు. కొంత పిటిషన్ వేసినప్పుడు, మిగతాది చివరి వాయిదా రోజున జడ్జి గారి ముందు అని రాసుకుంటే ఇద్దరికీ భరోసా.

పిల్లాడి విషయంలో తొందరపడకు తల్లీ. వాడి ఖర్చు వాడి హక్కు. నాకేం వద్దు అని నీ భరణం వదులుకున్నా, వాడికి రావాల్సింది వదిలేసే అధికారం నీకు లేదు. స్కూలు ఫీజు ఎవరు కడతారు, జబ్బు చేస్తే ఎవరు పెట్టుకుంటారు, పాస్‌పోర్టుకి ఇద్దరూ సంతకాలు పెడతారా అన్నీ రాయండి. తండ్రి చూడడానికి 'వీలైనప్పుడల్లా' అని రాయించకు. నెలలో ఏ ఆదివారాలు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎవరు దింపుతారు. సంక్రాంతికి భోగి, పెద్ద పండగ ఎవరి ఇంట్లో, కనుమ ఎవరి ఇంట్లో. వేసవి సెలవుల్లో ఎన్నాళ్ళు అని తేదీలతో ఉండాలి. అల్లుడికి పిల్లాడంటే ప్రాణం. ఆ బంధం తెగకుండా నువ్వే చూసుకో.

ఎవరో నీకు 'ముందు పోలీసు కేసు పెట్టు, దిగి వస్తాడు' అని చెబుతున్నారట. నిన్ను కొట్టినా, కట్నం కోసం వేధించినా కేసు పెట్టు, నేనే వెంట వస్తాను. అలాంటిది జరగలేదని నువ్వే అన్నావు. బేరం కోసం పెట్టిన కేసు రాజీని ముందుకి నడపదు. తర్వాత దాన్ని కొట్టేయించడానికి హైకోర్టు దాకా తిరగాల్సి వస్తుంది.

వకీలు సంగతి. పరస్పర అంగీకారం కేసుల్లో ఇద్దరికీ ఒకే వకీలుని పెట్టుకోవడం మామూలే. నా మటుకు నాకు అది నచ్చదు. పిటిషన్ ఒకరే రాసినా, ఒప్పందం మాత్రం నీ తరఫున ఇంకొక వకీలు చదవాలి. ఫీజు మొత్తం ఎంతో ముందే అడుగు, వాయిదాకింత అంటే ఒప్పుకోకు. ఖాళీ కాగితాల మీద సంతకం చెయ్యకు, అసలు పత్రాలు ఇవ్వకు, జిరాక్సులు చాలు. డబ్బు ఇబ్బందయితే సిగ్గుపడకు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకి ఉచితంగా వకీలుని ఇస్తారు. కోర్టు ఆవరణలో లీగల్ సర్వీసెస్ వాళ్ళని అడుగు, లేదా 15100కి ఫోన్ చెయ్యి.

పిటిషన్ వేశాక హెచ్‌ఎంఓపీ నంబరు, అంటే మీ కేసు నంబరు, పడుతుంది. మొదటి వాయిదాకి ఇద్దరూ రావాలి. ఉదయం పదిన్నరకి కాల్ వర్క్‌లో పేర్లు పిలుస్తారు, పిలిచినప్పుడు బయట టీ కొట్టు దగ్గర ఉండొద్దు. జడ్జి గారు మళ్ళీ కలిసి ఉండే వీలుందా అని అడుగుతారు, కౌన్సెలింగ్‌కి పంపొచ్చు. అది నిన్ను తప్పుపట్టడం కాదు, చట్టం వాళ్ళ మీద పెట్టిన బాధ్యత.

ఆ తర్వాత, పిటిషన్ వేసిన రోజు నుంచి ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపు రెండోసారి వచ్చి, మా మాట అదే అని చెప్పాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదు, తగిన కేసుల్లో మాఫీ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. దానికి పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, లెక్కలన్నీ తేలి ఉండాలి. నీకు ఏడాదిన్నర నిండేది ఉగాది వేళకి. అప్పటిదాకా ఆగి మాఫీ అడగడం కంటే, ఈ కార్తీకంలోనే వేసేస్తే ఆరు నెలలు మామూలుగానే గడిచి వేసవికి తేలిపోతుంది. మాఫీ జడ్జి గారి ఇష్టం, దాన్ని నమ్ముకుని కూర్చోకు.

ఈ మధ్యలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. డిక్రీ వచ్చేదాకా ఒప్పుకోలు వెనక్కి తీసుకునే హక్కు ఉందని 1991లోనే తీర్పు ఉంది. అందుకే ఈ ఆరు నెలలూ ఫోన్లలో పాత తగువులు తవ్వొద్దు, బంధువుల చేత మాటలు మోయించొద్దు. అల్లుడు దోహా ఉద్యోగానికి వెళ్ళే ఆలోచనలో ఉన్నాడు కనక మొదటి వాయిదా అయ్యాకే విమానం ఎక్కమను. తప్పకపోతే అక్కడి ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి, అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. రెండో వాయిదాకి వీడియోలో మాట్లాడనిమ్మని కోర్టుని అడగొచ్చు.

డిక్రీ వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీలకి దరఖాస్తు పెట్టించు. ఒకటి కాదు, నాలుగైదు తీసుకో. పాస్‌పోర్టుకి, రేషన్ కార్డుకి, పిల్లాడి స్కూలుకి అడుగుతారు. బ్యాంకు, ఎల్‌ఐసీ, పీఎఫ్‌లలో నామినీ పేర్లు ఇద్దరూ మార్చుకోండి.

వచ్చే ఆదివారం అంబాజీపేట వస్తాను. పెళ్ళి కార్డు, పెళ్ళి ఫొటోలు రెండు, ఇద్దరి ఆధార్ జిరాక్సులు, బంగారం జాబితా సిద్ధంగా పెట్టు. అల్లుడిని కూడా రమ్మను, నేను పిలిచానని చెప్పు.

మీ మావయ్య