మొదటిసారి జనాన్ని పక్షుల దగ్గరికి తీసుకెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

డిసెంబరులో పదిమందిని వెంటబెట్టుకుని పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల చెరువు చూపించడానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. కానీ పదిమంది వద్దమ్మా, ఆరుగురు చాలు. ఆరుగురైతే నువ్వు చెయ్యి ఎత్తగానే అందరూ ఆగుతారు, పదిమందైతే చివర నడిచేవాడికి నీ చెయ్యి కనిపించదు. డబ్బులు సరిపోవనుకుంటే మనిషికి ఇంకాస్త ఎక్కువ తీసుకో.

రాత్రికి సూళ్లూరుపేటలో ఉండి తెల్లారేసరికి శ్రీహరికోట రోడ్డెక్కండి. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కదా, రోడ్డుకు ఉత్తరాన నీళ్లలో ఉన్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది, ఫొటోలకు అటే మంచిది. షార్ రాకెట్ కేంద్రం బస్సులు తిరిగే రోడ్డు అది, ట్రైపాడ్‌లు రోడ్డు మీద పెట్టనివ్వకు.

రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, మేసేటప్పుడు ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లాగుతూ తోస్తూ తిండి వడకట్టుకుంటాయి. నువ్వు చూడాల్సింది ఆ తలల్నే. ఒకటీ రెండూ తల ఎత్తితే పర్లేదు. గుంపంతా మేత ఆపి, మెడలు నిక్కించి, ఒకే వైపు నడవడం మొదలెడితే మీరు మరీ దగ్గరికొచ్చేశారని అర్థం, ఇంకో నాలుగడుగులు వేశారంటే లేచిపోతాయి. అప్పుడు ఎవరేమనుకున్నా వెనక్కి పిలిచెయ్. బురదలోకి కూడా ఎవర్నీ దిగనివ్వకు, పైకి ఎండినట్టే ఉంటుంది గానీ కాలు పెడితే దిగబడిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చాలా ఏళ్ల కిందట ఒక ఎండాకాలం చెరువుగట్టు దగ్గర తీతువు గూడు చూపించాను కొంతమందికి. గూడంటే గులకరాళ్ల మధ్య చిన్న గుంట, రాళ్ల రంగులోనే నల్లమచ్చల గుడ్లు నాలుగు. ఒకరి తర్వాత ఒకరు ఫొటోలు తీసుకుంటుంటే నేను వద్దనలేకపోయాను. తల్లి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చింది, గుడ్లను చల్లబరచడానికి, కానీ మేమున్నామని దిగలేక చుట్టూ అరుస్తూ తిరిగింది. మేం అటు జరిగామో లేదో కాకి దిగి ఒక గుడ్డు ఎత్తుకుపోయింది. మనం ఎక్కడ గుమిగూడామో కాకులు చూస్తూనే ఉంటాయి. ఆ తల్లి అరుపు నాకింకా వినిపిస్తుంది. అందుకే గూడు జోలికి వెళ్లొద్దు, ఎక్కడుందో ఎవరికీ చెప్పొద్దు, ఫొటోతో పాటు చోటు పేరు పెట్టొద్దు.

ఫోన్లో కూత వినిపించి పిట్టను పిలవమని ఎవరో ఒకరు అడుగుతారు, కుదరదని చెప్పు. తన చోటుకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని అది మేత మానుకుని కొట్లాటకి వస్తుంది పాపం.

గూళ్లు చూడాలంటే నేలపట్టే సరైన చోటు, ఎందుకంటే అక్కడ గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద ఉంటాయి, మీరు గట్టు మీది నుంచే చూస్తారు. పొద్దు వాలే వేళకి వెళ్లండి. పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు తింటుంటే కెమెరాలు పక్కనపెట్టి బైనాక్యులర్‌లో చూడమను.

కొత్తవాళ్లకి 8x42 బైనాక్యులర్ చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. పది రెట్లు చూపించే 10x చేతిలో ఎక్కువ వణుకుతుంది. నాది బస్సు పార్సిల్‌లో పంపిస్తున్నాను. ముందు ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి సరిచేసుకుని, తర్వాత కుడి కంటి దగ్గరున్న రింగు తిప్పుకోమని ఒక్కొక్కరికీ చేసి చూపించు, లేకపోతే గంటలో తలనొప్పంటారు.

మీ మావయ్య