దారిలో ఎవరిదో బండి ఆగింది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: విశాఖ కూర్మన్నపాలెంలో డ్యూటీ ముగించుకుని రాత్రి పదింటికి హైవే మీద మధురవాడ వస్తాను. కారులో ఒక్కదాన్నే ఉంటాను. బానెట్ ఎత్తిన కార్లు, చెయ్యి ఊపే మనుషులు తరచూ కనిపిస్తారు. ఆగకపోతే మనసొప్పదు, ఆగితే ఇంట్లో ఒప్పుకోరు. ఏం చెయ్యాలి? (మధురవాడ పాఠకురాలు)

జవాబు: ఇంట్లోవాళ్లు భయపడేది దొంగలకి. అంతకంటే ఎక్కువ భయపడాల్సింది వెనక నుంచి వచ్చే లారీకి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ఎదుట ఏదో ఉందని గ్రహించి బ్రేకు తొక్కేలోపు ఒకటిన్నర సెకను గడిస్తే 33 మీటర్లు అప్పుడే అయిపోయాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న కారు నిలవడానికి ఇంకో 40 మీటర్లు పడుతుంది. లోడు లారీకి, వాన పడ్డ రోడ్డుకి ఇదీ చాలదు. అందుకని ఆగాలా వద్దా అన్నది ముందు చోటు తేల్చాలి, మనిషి సంగతి తర్వాత.

ఫ్లైఓవర్ మీద, మలుపులో, డివైడర్ పక్క లేనులో ఆగిన బండి దగ్గర ఆగకండి. ముందుకు పోయి, వెలుతురున్న పెట్రోలు బంకు దగ్గర నిలిపి ఫోను చెయ్యండి. జాతీయ రహదారి అయితే 1033, దెబ్బలు తగిలినవాళ్లుంటే 108, గొడవ వాసన వస్తే 112. హైవే మీద చాలాసార్లు ఆ ఒక్క ఫోనే పూర్తి సాయం. కాకపోతే చోటు సరిగ్గా చెప్పాలి. ‘ఆనందపురం దగ్గర’ అంటే వాళ్లు కిలోమీటర్ల కొద్దీ వెతుక్కోవాలి. కిలోమీటరు రాయి మీది అంకె, చివరగా దాటిన జంక్షన్, బండి అనకాపల్లి వైపు పోతోందా శ్రీకాకుళం వైపా, ఈ మూడూ చెప్పండి. దిక్కు తప్పు చెబితే వచ్చే వాహనం డివైడర్‌కి అవతల చిక్కుకుని, యూ టర్న్ దొరికేదాకా పోవాల్సి వస్తుంది.

చోటు బాగుంటే ఆ బండిని దాటి 30, 40 మీటర్లు ముందుకు పోయి, రోడ్డు అంచు తెల్లగీతకు బయట ఆపండి. హజార్డ్ లైట్లు వెయ్యండి, ఇంజన్ ఆపొద్దు, తలుపుల లాకు తియ్యొద్దు. అద్దం రెండంగుళాలు దించి ‘ఎవరికి ఫోను చెయ్యమంటారు?’ అని అడిగితే చాలు. మీ ఫోను చేతికివ్వక్కర్లేదు. నంబరు చెప్పించుకుని మీరే కలిపి స్పీకర్లో పెట్టండి. నిజంగా చిక్కుకున్నవాళ్లకి ఆ మాత్రం సాయమే కొండంత. ‘మీరు కిందికి దిగండి’ అని పట్టుబట్టేవాళ్లు కనిపిస్తే మారు మాట్లాడకుండా కదిలిపోండి.

వెళ్లే ముందు వాళ్లకి రెండు మాటలు చెప్పండి. ఒకటి, కారులో ఎవరూ కూర్చోవద్దని. ఎడమ తలుపు నుంచి దిగి, రెయిలింగ్ ఉంటే దాని అవతల నిలబడాలి. రెండోది, హెచ్చరిక త్రిభుజం. చాలా కార్లలో అది డిక్కీలో స్టెప్నీ పక్కనే, కొన్నప్పటి కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. ఊళ్లో బండికి 50 మీటర్లు వెనక పెడితే సరిపోతుంది. పై లెక్క ప్రకారం హైవే మీద 100 మీటర్లు కావాలి, అంటే మామూలు నడకలో సుమారు 140 అంగలు. త్రిభుజాన్ని వచ్చే బళ్లకి కనపడేలా ముందు పట్టుకుని, రోడ్డు మీద కాకుండా పక్క మట్టిలో నడుస్తూ పోవాలి.

ప్రశ్న: బీచ్ రోడ్డులో ఒకాయన కారు స్టార్ట్ కాకపోతే జంపర్ కేబుళ్లు (ఒక బ్యాటరీ నుంచి ఇంకోదానికి కరెంటు ఇచ్చే వైర్లు) ఇచ్చాను. ఆఖరి క్లిప్పు పెడుతుంటే టప్పుమని నిప్పురవ్వ లేచింది. తప్పెక్కడ? (సీతమ్మధార పాఠకుడు)

జవాబు: ఆఖరి క్లిప్పు ఆయన బ్యాటరీ మైనస్‌కే పెట్టి ఉంటారు. ఆఖరి క్లిప్పు దగ్గర రవ్వ రావడం సహజమే, అది బ్యాటరీకి దూరంగా వచ్చేలా చూసుకోవాలి. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది అంటుకుంటే డబ్బా పగిలి ఆసిడ్ మొహాన పడుతుంది.

రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండింటి ఇగ్నిషనూ ఆపి ఉండాలి. ఎర్ర వైరు ఒక కొస చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస ఆగిన కారు ఇంజన్ మీద రంగు లేని గట్టి ఇనుప భాగానికి, బ్యాటరీకి ఎడంగా. మీ కారు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు ఆయన్ని తాళం తిప్పమనండి, ఒక్కోసారి ఐదు సెకన్లకు మించకుండా. అందుకున్నాక పెట్టిన వరసకి తిరగేసి తియ్యాలి. ఆయన కనీసం అరగంట నడపాలి, మధ్యలో ఇంజన్ ఆపకూడదు. పెద్ద లారీల్లో సాధారణంగా 24 వోల్టులు, కారులో 12. లారీ నుంచి కారుకి ఎప్పుడూ ఇవ్వొద్దు. డబ్బా ఉబ్బినా, చీలినా అసలు ముట్టుకోవద్దు.

ఇంకో సంగతి. సముద్రగాలి తగిలే ఊళ్లో బ్యాటరీ టెర్మినళ్లకి తెల్లగా, పచ్చగా పొక్కులా పేరుకుంటుంది. కేబుళ్లు బయటికి తీసే ముందు ఆ పొక్కు గీకి, క్లాంపు చేత్తో కదులుతోందేమో చూసి, స్పానర్‌తో బిగించండి. కొన్ని కార్లు ఆ పాటికే లేస్తాయి.

ప్రశ్న: అరకు ఘాట్‌లో పొగలు కక్కుతున్న కార్లు చాలా చూస్తాం. నీళ్ల బాటిల్ ఇచ్చి వెళ్లిపోతే సరిపోతుందా? (గోపాలపట్నం పాఠకుడు)

జవాబు: సరిపోదు, పైగా ఆ బాటిల్‌తోనే కొంప మునుగుతుంది. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. కారు నిండా జనం, సామాను, ఏసీ, చిన్న గేరులో ఎక్కువసేపు నడక. రేడియేటర్ లోపల నీరు ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, ఉన్నదంతా ఒక్కసారి ఆవిరై మీదికి చిమ్ముతుంది. కాలేది చెయ్యీ మొహమూ. అందుకే ఇంజన్ ఆపి కనీసం అరగంట, వీలైతే ముప్పావుగంట ఆగమనండి. రేడియేటర్ పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మడతపెట్టిన మందపాటి గుడ్డ వేసి, మూత కొద్దిగా తిప్పి ఆగి, బుస్సుమనడం ఆగాక పూర్తిగా తియ్యాలి. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు కుమ్మరిస్తే సిలిండర్ హెడ్ పగలొచ్చు. చల్లారాక కొంచెం కొంచెంగా పొయ్యాలి. పోసిన నీరు కిందికి కారిపోతుంటే గొట్టమో పంపో పోయినట్టే, ఆ కారు ఇక నడవకూడదు. ఘాట్‌లో సిగ్నల్ లేని చోట్లు ఉంటాయి, వాళ్ల నంబరూ కబురూ రాసుకుని సిగ్నల్ అందగానే చెప్పడం మీరు చెయ్యగల పెద్ద సాయం.

ప్రశ్న: ఆగిన బైకుని వెనక నుంచి కాలు పెట్టి నెట్టుకుపోవడం తప్పా? (గాజువాక పాఠకుడు)

జవాబు: తప్పే. కుడికాలు వాడితే గేర్ల బైకు వెనక బ్రేకు మీకు లేనట్టే. ఎడమకాలు వాడితే వాళ్లకి కుడిపక్కన, అంటే ట్రాఫిక్‌లోకి జరిగి నడపాలి. ముందాయన బ్రేకు వేస్తే ఇద్దరూ పడతారు. దానికంటే ముందు కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే మీట) ఆఫ్‌లో ఉందేమో, సైడ్ స్టాండ్ దిగి ఉందేమో చూడమనండి. కొత్త బళ్లు చాలావరకు స్టాండ్ దిగి ఉంటే గేరులో నడవవు. పెట్రోలు అయిపోతే ఆయన్ని వెనక ఎక్కించుకుని బంకుకి తీసుకెళ్లండి.

ప్రశ్న: యాక్సిడెంట్ అయినవాళ్లని ఆసుపత్రిలో చేర్చితే పోలీసులు, కోర్టులు తిప్పుతారన్న భయం ఇంకా ఉంది. (పెందుర్తి పాఠకురాలు)

జవాబు: సుప్రీంకోర్టు 2016లోనే దీనికి అడ్డుకట్ట వేసింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో, తనంతట తాను సాయపడినవారి మీద, ఆ మనిషి తర్వాత చనిపోయినా సరే, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నిలవదు. పేరు, ఫోను నంబరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. సాక్షిగా ఉంటారా లేదా అన్నది మీ ఇష్టం. ప్రమాదం చేసింది మీరే అయితే మాత్రం ఈ రక్షణ లేదు, అప్పుడు సాయం చెయ్యడం మీ బాధ్యత. మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం ఇచ్చే బహుమతి 2021లో 5 వేలు ఉండేది, 2025లో 25 వేలు చేశారు.

రోడ్డు మీద మనిషి పడి ఉన్నప్పుడు మాత్రం నేను పైన చెప్పింది తిరగబడుతుంది: మీ కారుని ముందు కాకుండా వెనక, ఓ 20 మీటర్ల దూరంలో, హజార్డ్ లైట్లతో అడ్డు పెట్టి మీరు దిగిపోవాలి. 108కి చెప్పేటప్పుడు ఎంతమంది, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా చెప్పండి. మంటలు గానీ పెట్రోలు కారడం గానీ లేకపోతే మనిషిని లాగొద్దు, ఆటోలో మడిచి కూర్చోబెట్టొద్దు, వెన్నుపూస దెబ్బ తింటే ఆ కదలికే కాళ్లు పడేస్తుంది. ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ తియ్యకండి. కారే రక్తం మీద శుభ్రమైన గుడ్డ మడిచి అరచేత్తో గట్టిగా అదమండి. తడిస్తే తియ్యకుండా పైన ఇంకోటి వెయ్యండి. మంచినీళ్లు పట్టొద్దు. స్పృహ తప్పుతున్నవాళ్లకి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషనుకీ ఇబ్బంది.

ప్రశ్న: ఆగిన లారీల చుట్టూ పెట్టిన రాళ్లు, కొమ్మలు లారీ పోయాక కూడా అలాగే ఉంటున్నాయి. (తగరపువలస పాఠకుడు)

జవాబు: పగలు, రోడ్డు అంచున, అందేంత దగ్గరలో ఉంటే తీసి అవతల పడెయ్యండి. రాత్రి ఒంటరిగా రోడ్డు మధ్యకి వెళ్లకండి, 1033కి కిలోమీటరు రాయి అంకె చెప్పండి.